కొండ ఉంది కదా, పార్కెందుకు?

తిరుపతిలో పార్కుల మాట ఎత్తితే చాలు, "ఎదురుగా కొండ పెట్టుకుని పార్కెందుకబ్బా?" అంటారు. నాకు బాగా కావలసినవాళ్లే అంటారు. మేడ మీదికెక్కితే శేషాచలం కనిపిస్తుంది. బండేసుకుని పోతే కాసేపట్లో కపిలతీర్థం, వాన పడిన మర్నాడైతే అక్కడ దూకే జలపాతం. ఇన్ని ఉండగా వీధి చివర నాలుగు బెంచీలు, రెండు ఉయ్యాలలు ఉన్న చోటు కోసం ఇంత పట్టుదల దేనికని వాళ్ల ప్రశ్న. పార్కంటే చెట్లూ చల్లగాలీ మాత్రమే అనుకుంటే ఆ ప్రశ్న సబబే. కొండ మీద ఉన్నన్ని చెట్లు మనం ఏ వీధిలో పెంచగలం?

కానీ పార్కు చేసే పెద్ద పని ఇంకొకటుంది. ఒకే వీధిలో ఏళ్ల తరబడి ఉంటూ, లిఫ్టులో ఎదురుపడితే ఫోన్లోకి చూసుకునే మనుషులు అక్కడ ఒకరికొకరు తెలుస్తారు. పేరు తెలుస్తుంది, సొంతూరు తెలుస్తుంది, ఎవరింట్లో ఎవరికి బాగలేదో తెలుస్తుంది. అలా తెలిసిన నాడే అది పేట అవుతుంది. అంతదాకా పక్కపక్కన కట్టిన ఇళ్లే. ఇలాంటి చోటు మిగతా ఊళ్లకన్నా తిరుపతికి ఎక్కువ అవసరమనీ, మనం దాన్ని చేతులారా పోగొట్టుకుంటున్నామనీ నేను గట్టిగా నమ్ముతున్నాను.

కొండ సంగతి ముందు చెప్పుకుందాం. అది అడవి. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించి కాపాడుకుంటున్న అడవి. ఎర్రచందనం, దేవాంగ పిల్లి, బంగారు బల్లి ఉండే చోటు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటాక చిన్నపిల్లల్ని నడకదారిలోకి పంపకుండా కట్టడి పెట్టారు. యూనివర్సిటీ ఆవరణలో చిరుత కనిపించిందని వార్త వచ్చినప్పుడల్లా మా వీధిలో తలుపులు పెందలాడే పడతాయి. అందులో చిరుతను అనడానికేమీ లేదు, అడవి దానిది. అయితే మూడేళ్ల మనవణ్ణి చంకనేసుకుని సాయంత్రం అయిదింటికి ఒక అవ్వ పోయి కూచోవలసిన చోటు అది కాదు. కొండకు దండం పెట్టుకుంటాం. ఇంటి దగ్గర కూచోడానికి వేరే చెట్టు కావాల.

ఇక శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. 1954లో మొదలైన ఆ ఆవరణలో పొద్దున్నే నడిచేవాళ్లు ఎందరో ఉన్నారు, నాకూ ఆ దారులంటే ఇష్టం. కానీ అది చదువుకునే చోటు, గేటు వాళ్లది, రేపు వద్దంటే వద్దే. గుడి మాట కూడా అంటారు. మన ఊళ్లో గుడికేం కొదవ? అయితే గుడిలో మనం దేవుడి వైపు తిరిగి నిలబడతాం, పక్కవాళ్ల వైపు తిరగం. వరసలో ముందుకు జరగడమే ధ్యాస. ప్రసాదం తీసుకుని కళ్లకద్దుకుని బయటికి వచ్చేస్తాం. అది అలాగే ఉండాలి కూడా.

ఈ ఊరికి ఉన్న ప్రత్యేకమైన చిక్కు ఏమిటంటే, ఇది ఎప్పుడూ వచ్చేవాళ్ల వైపు చూస్తూ ఉండే ఊరు. రోజుకు అరవై, డెబ్బై వేలమంది కొండెక్కుతారు. బస్సులు, సత్రాలు, హోటళ్లు, ట్రాఫిక్ మళ్లింపులు, చివరికి రోడ్డు మీద బోర్డుల భాషలు కూడా వాళ్ల కోసమే. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మాలో సగం మంది ఇళ్లలో పొయ్యి వెలిగేది యాత్రికుల వల్లే. కానీ ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకు, ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్లకు, తమదనుకుని కూచునే చోటు ఏది? మా అపార్టుమెంటులోనే నెల్లూరు వాళ్లున్నారు, కడప వాళ్లున్నారు, తిరుత్తణి నుంచి వచ్చినవాళ్లున్నారు. స్విమ్స్ ఆసుపత్రిలో పని చేసే నర్సులు, కోచింగు కోసం గది తీసుకున్న పిల్లలు, కాంట్రాక్టు ఉద్యోగులు. ఎవరి పని వేళలు వాళ్లవి. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ ఊరంతా జనమే, మా మెట్ల మీద మాత్రం ఒకరి పేరు ఒకరికి తెలియదు.

మునుపు ఇళ్ల ముందు తిన్నెలుండేవి. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత వీధుల్లో ఇప్పటికీ ఒకటీ అరా కనిపిస్తాయి. తిన్నె మీద కూచున్నవాడు ఇంటివాడూ, వీధివాడూ కూడా. దారిన పోయే మనిషి కాసేపు ఆగితే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. అపార్టుమెంట్లు వచ్చాక ఆ జాగా బండ్ల పార్కింగుకు పోయింది. తిన్నె చేసిన పనిని ఇప్పుడు పార్కు ఒక్కటే చెయ్యగలదు. ఇంట్లోకి రానివ్వకుండా, వీధిలో నిలబెట్టకుండా, మనిషిని మనిషి పక్కన కూచోబెట్టగలిగేది అదే.

మా అత్తమ్మది పాకాల దగ్గర పల్లె. మామయ్య పోయాక మాతో వచ్చి ఉన్నారు. మూడో అంతస్తులో మా ఇల్లు. వచ్చిన కొత్తలో రోజంతా బాల్కనీలో కూచుని కింద పోయే ఆటోలను చూసేవారు. "ఈడ పలకరిచ్చేవాళ్లే లేరు కదమ్మా" అని ఒకసారి అన్నారు, నింద వెయ్యకుండా, మామూలుగా. మా వీధి చివర పార్కులో పెద్ద కానుగ చెట్టు ఒకటుంది. ఎండాకాలంలో కూడా దాని కింద నేల చల్లగా ఉంటుంది. నేనే ఒక సాయంత్రం తీసుకుపోయి ఆ చెట్టు కింద బెంచీ మీద కూచోబెట్టి వచ్చాను. కొన్నాళ్లకు నేను తీసుకుపోవలసిన పని లేకపోయింది.

ఆ చెట్టు పక్కనే పిల్లలు క్రికెట్ ఆడతారు. ఒకరోజు బంతి వచ్చి అత్తమ్మ భుజానికి తగిలింది. టెన్నిస్ బంతే, దెబ్బ పెద్దది కాదు, కానీ బెంచీ మీదున్న పెద్దవాళ్లంతా ఒక్కసారి లేచారు.

"ఏం నాయనా, మేము ఈడ కూచోవాల్నా వద్దా?" అని అత్తమ్మ.

"మేము ఆడుకునేదానికి యాడుండాది అవ్వా, నువ్వే చెప్పు" అని బ్యాటు పట్టుకున్న పిల్లోడు. ఎదురు చెప్పడం కాదది, నిజంగానే అడిగాడు. ఆ వీధిలో వాళ్లకు ఇంకెక్కడా జాగా లేదు.

రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉంటారు. ఆయన చేతికర్రతో నేల మీద గీత గీశారు. "అయిదున్నర దాకా ఇదంతా మీది. ఆ తర్వాత నడిచేవాళ్లది. బ్యాటింగు ఆ మూల నుంచి గోడ పక్కకి. కార్క్ బాల్ తెస్తే మటుకు నేనే తీసి పెట్టుకుంటా." పిల్లలు తమలో తాము మాట్లాడుకుని ఒక షరతు పెట్టారు: ఆదివారం పొద్దున ఎనిమిది దాకా తమకే వదలాలి. పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. కాగితం లేదు, సంతకం లేదు, ఏ ఆఫీసూ చెప్పలేదు. ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది. పక్క వీధి నుంచి కొత్తగా వచ్చినవాడు కార్క్ బాల్ తెస్తే, "ఈడ అది కుదరదు రా, అవ్వోళ్లుంటారు" అని పిల్లలే ఆపారు. ఆ బంతి కొట్టిన పిల్లోడు ఇప్పుడు మా అత్తమ్మ మందుల చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు పోతాడు. "అవ్వా, బీపీవేనా, చక్కెరవి కూడా అయిపాయనా?" అని తనే అడుగుతాడు. వాళ్ల నాన్న ఆటో తోలతాడని, ఇల్లు కొర్లగుంట వైపని, లెక్కల్లో వెనకబడ్డాడని నాకు అత్తమ్మ ద్వారానే తెలిసింది.

ప్రజాస్వామ్యం గురించి బళ్లో ఎంత చెప్పినా ఇది రాదు. ఒకే జాగా, ఇద్దరికీ కావాలి, ఇద్దరూ రేపు మళ్లీ అక్కడికే రావాలి. అప్పుడే మనిషి సర్దుకోవడం నేర్చుకుంటాడు. డబ్బు కట్టి ఆడే టర్ఫులో ఈ ఇబ్బంది రాదు, గంటకింతని చెల్లిస్తే ఆ గంట మీదే. అక్కడ పిల్లలకు ఆట వస్తుంది, అవ్వ ఎదురుపడదు.

అందుకే పార్కు దగ్గరగా ఉండాలంటాను. చిన్నదైనా సరే. వినాయక సాగర్ గట్టు బాగుంది, జూ పార్కు మన ఊరికి గర్వకారణం, అవి ఆదివారం పూట పిల్లల్నేసుకుని పోయే చోట్లు. అక్కడ మనకు కనిపించేవాళ్లు ప్రతిసారీ వేరే వేరేవాళ్లు. పరిచయం పుట్టాలంటే అవే మొహాలు మళ్లీ మళ్లీ కనపడాలి, పెద్ద పనేమీ లేకుండా కనపడాలి. మొదటి వారం చూపు, రెండో వారం నవ్వు, నెల తర్వాత "నిన్న రాలేదే?" అనే మాట. ఈ మాట పుట్టాలంటే పార్కు చెప్పులేసుకుని నడిచిపోయేంత దూరంలో ఉండాలి.

గేటు దగ్గర బొరుగుల బండి పెట్టుకునే అక్క గురించి కూడా చెప్పాలి. ఉడికించిన చెనక్కాయలు, మసాలా బొరుగులు. ఆమె దగ్గర మా వీధిలో సగం ఇళ్ల తాళాలుంటాయి. ట్యూషన్ నుంచి వచ్చిన పిల్ల అమ్మ వచ్చేదాకా ఆ బండి పక్కనే నిలబడి హోంవర్క్ రాసుకుంటుంది. మధ్యలో కొన్నాళ్లు పార్కు ముందు బండ్లు ఉండకూడదని తీయించారు. ఫుట్‌పాత్ చూడ్డానికి శుభ్రంగా కనిపించింది. కానీ చీకటి పడ్డాక ఆడవాళ్లు రావడం తగ్గిపోయింది. గేటు దగ్గర తెలిసిన మనిషి లేకపోతే లోపలికి అడుగు పెట్టాలంటే జంకు. పార్కుకు కాపలా కావాలంటే ముందు ఇలాంటి మనుషుల్ని ఉండనివ్వాలి. బండి మళ్లీ వచ్చింది, ఆడవాళ్లూ వచ్చారు.

డబ్బు లేక పార్కులు పాడవుతున్నాయనే మాట నేను పూర్తిగా ఒప్పుకోను. పట్టణాల సదుపాయాల కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన అమృత్ పథకంలో రెండున్నర శాతం దాకా నిధులు పార్కులకు పెట్టుకోవచ్చన్నారు, పిల్లలకూ పెద్దవాళ్లకూ అనువుగా ఉండాలని మరీ చెప్పారు. 2016లో తిరుపతి స్మార్ట్ సిటీల జాబితాలోకి వచ్చింది. డబ్బు కన్నా అది ఎక్కడ పడుతోందన్నది నా బాధ. రంగు లైట్ల ఫౌంటెన్ వస్తుంది, ఫొటో దిగడానికి పెద్ద అక్షరాల బోర్డు వస్తుంది, ఆడవాళ్లకు మరుగుదొడ్డి రాదు. మరుగుదొడ్డి లేని పార్కులో చక్కెర జబ్బున్న అవ్వ అరగంట కన్నా ఎక్కువ కూచోలేదు. చంటిపిల్ల తల్లి కూచోలేదు. ఎవరు ఎంతసేపు ఉండగలరో తేల్చేది ఆ ఒక్క గదే, ప్రారంభోత్సవం రోజు రిబ్బను కట్టేది మాత్రం దానికి కాదు.

నేలంతా టైల్స్ పరచడం ఇంకో జబ్బు. చెట్టు మొదలు దాకా పరుస్తారు. వేరుకు ఊపిరాడదు, వాన నీళ్లు ఇంకవు. 2021 నవంబరు వానలకు మన ఊళ్లో కాలనీలు ఎట్లా మునిగాయో చూసినవాళ్లం. నీళ్లు ఇంకడానికి ఉన్న కాస్త మట్టినీ మూసేసి, కాలవ ఎందుకు పొంగిందని అడిగితే ఏం లాభం? పైగా మెత్తటి పచ్చిక వేసి దానికి రోజూ నీళ్లు పెట్టాలంటారు. కల్యాణి డ్యాం నీళ్లు, తెలుగుగంగ నీళ్లు తాగి బతికే ఊరు ఇది. కానుగ, వేప, నేరేడు, పొగడ నాటితే రెండు మూడేళ్లు కాపాడితే చాలు, తర్వాత అవే మనల్ని కాపాడతాయి.

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది మధ్యాహ్నం తాళం. పొద్దున నడిచేవాళ్లు పోగానే గేటు మూస్తారు, ఎండ తగ్గాక తెరుస్తారు. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో చెట్టు నీడ ఎవరికి కావాలి? తెల్లారకముందే రోడ్లు ఊడ్చిన పారిశుద్ధ్య కార్మికులకు కావాలి. నాలుగిళ్లలో పని చేసి అయిదో ఇంటికి పోయే ముందు అన్నం గిన్నె విప్పుకునే ఆడమనిషికి కావాలి. ఆర్డరు కోసం ఎదురుచూసే డెలివరీ పిల్లలకు, రేకుల గదిలో ఉండలేక పుస్తకం పట్టుకుని బయటికొచ్చే కోచింగు పిల్లలకు కావాలి. వీళ్లంతా మన పేట మనుషులే. ట్రాక్ ప్యాంటు వేసుకుని వచ్చే వేళల్లో మాత్రమే పార్కు తెరిస్తే, పేటలో సగం మందిని నీది కాదు పొమ్మన్నట్టే.

తాళం ఎందుకంటే, తాగుబోతులు వస్తారు, ప్రేమజంటలు కూచుంటాయి అంటారు. ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. ఆడపిల్ల తల్లినే నేను కూడా. కానీ తాగేవాళ్లు ఎక్కడ చేరుతున్నారో చూడండి. ఎత్తు గోడ వెనక, లైటు వెలగని మూలలో, మనుషులు రాని వేళలో. గోడ తీసి గ్రిల్ పెడితే వీధిలోంచి లోపల ఉన్నది కనిపిస్తుంది. పొదలు మోకాలెత్తుకు కత్తిరించి, లైట్లు వెలిగేలా చూసి, మధ్యాహ్నం కూడా నలుగురు మసిలేలా చేస్తే వాళ్లే వేరే చోటు వెతుక్కుంటారు. ఇక జంటల సంగతంటారా, బెంచీ మీద కూచుని మాట్లాడుకునే ఇద్దరి వల్ల ఎవరికి ఏ హానీ జరగడం నేను చూడలేదు.

ఇంకో సంగతి రాయడానికి నాకు కష్టంగా ఉంది, రాయకుండా ఉండలేను. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన భక్తుల్ని బైరాగిపట్టెడలో పద్మావతి పార్కులో ఉంచారు. గేటు తెరిచినప్పుడు తొక్కిసలాట జరిగింది. ఆ రాత్రి ఊళ్లో టోకెన్ల దగ్గర మొత్తం ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎవరిది తప్పు అని తేల్చే పని నాది కాదు. నన్ను తొలిచేది వేరే ప్రశ్న. మామూలు సాయంత్రాల్లో పిల్లలు జారుడుబల్ల ఎక్కే చోటు, వచ్చేపోయే గేట్లు చిన్నవిగా ఉండే చోటు, వేలమంది ఆగడానికి సరిపోతుందని మనకు ఎందుకు తోచింది? పార్కును మనం ఖాళీ జాగాగా చూడడానికి అలవాటు పడ్డాం. అవసరం వచ్చినప్పుడు వాడుకోవచ్చు, లేనప్పుడు తాళం వెయ్యొచ్చు. అలా చూస్తే పేటవాళ్లకూ చోటు దక్కదు, వచ్చే భక్తులకూ భద్రత దక్కదు. భక్తులకు వాళ్ల సంఖ్యకు తగ్గట్టు కట్టిన చోటు కావాలి. పార్కు దానికి బదులు కాదు.

ఖాళీ జాగా అనుకోవడం వల్లే ఆక్రమణలు కూడా. మూలన వాటర్ ట్యాంకు, దాని పక్కన ఏదో గది, ఇంకో మూల రేకుల షెడ్డు. ప్రతిదానికీ మంచి కారణమే చెబుతారు. బెంగళూరులో ఒక లేఅవుట్‌లో పార్కుకని వదిలిన జాగాను ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చేస్తే, ఆ కాలనీవాళ్లే కోర్టుకు పోయారు. ఆసుపత్రి కూడా ప్రజలకు మంచిదే కదా అన్నది అవతలివాళ్ల వాదన. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. పార్కుకని వదిలిన జాగా పార్కుగానే ఉండాలంది. ఆ తీర్పు కాలనీలో ఉండే మామూలు మనుషులు అడగబట్టి వచ్చింది.

మన దగ్గర కూడా అడగడానికి ఆధారాలున్నాయి. రాజ్యాంగం 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు పట్టణ స్థానిక సంస్థల పనుల జాబితాలోనే ఉన్నాయి. రాష్ట్ర లేఅవుట్ నిబంధనల ప్రకారం కొత్తగా లేఅవుట్ వేసేవాళ్లు కనీసం పది శాతం బహిరంగ స్థలం వదిలి, దాన్ని స్థానిక సంస్థకు రిజిస్టరు చేసి ఇవ్వాలి. 2014లో కేంద్రం ఇచ్చిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలంటాయి. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరానికి 2.87 లక్షలమంది. మనిషికి 10 వేసుకున్నా 700 ఎకరాల పైమాటే. మీ పేట చుట్టూ ఒకసారి నడిచి చూస్తే ఈ లెక్కకు మనం ఎంత దూరంలో ఉన్నామో కళ్లకే తెలుస్తుంది.

ఇన్నాళ్లూ ఎవరూ గట్టిగా అడగకపోవడానికి కారణం ఉంది. తిరుపతి 2007లో నగరపాలక సంస్థ అయింది. దానికి తొలి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అన్నేళ్లపాటు మా వీధి లైటు గురించి, పార్కు గేటు గురించి పోయి అడగడానికి కార్పొరేటరంటూ ఎవరూ లేరు. ఎన్నికలు వచ్చాయి, డివిజన్లకు మనుషులు వచ్చారు, కానీ అడిగే అలవాటు మనకే తప్పిపోయింది. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను మేము రోడ్డు అడిగాం, కాలవ అడిగాం. కానుగ చెట్టు కింద కూచునే అవ్వలు, క్రికెట్ పిల్లలు ఏం కావాలంటారో ఎవరమూ అడగలేదు.

మా వీధిలో ఈమధ్య అడిగాం. చెట్టు కిందే కూచుని రాసుకున్నాం. రైల్వే పెద్దాయన చెబుతుంటే డిగ్రీ చదివే అమ్మాయి రాసింది. మొదటిది, మధ్యాహ్నం గేటు తెరిచి ఉంచాలి. రెండోది, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, దాన్ని కడిగే మనిషికి జీతం. మూడోది, కానుగ చుట్టూ టైల్స్ తీసి మట్టి వదలాలి. "నెట్సు కట్టియ్యమని కూడా రాయక్కా" అని పిల్లలు. దాని మీద కాసేపు వాదన జరిగింది, నెట్సు కడితే ముగ్గు పోటీలకు జాగా పోతుందని ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఆఖరికి తీసి మడతపెట్టుకునే నెట్సు అని రాశారు. బొరుగుల అక్క సంతకం రాదని వెనక్కి తగ్గితే, వేలిముద్ర పెట్టించారు.

అర్జీ ఇచ్చేశాం, జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మీరు కూడా ఒక పని చెయ్యండి. మీ లేఅవుట్ తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలోదైతే, ఆమోదించిన ప్లాను కాపీ కోసం అక్కడ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. అందులో బహిరంగ స్థలమని చూపించిన చోటికి పోయి చూడండి, ఇప్పుడు అక్కడ ఏముందో. ఉన్నది ఉన్నట్టు రాసి, మీ వీధివాళ్లతో కూచుని మీ డివిజన్ కార్పొరేటరు దగ్గరికో, నగరపాలక సంస్థ ఆఫీసుకో తీసుకుపోండి. పోయేటప్పుడు అవ్వల్ని, క్రికెట్ ఆడే పిల్లల్ని వెంటబెట్టుకుని పోండి.